మొక్కల్లోని ఆల్కలాయిడ్లు: మందు ఎప్పుడు, విషం ఎప్పుడు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్మసీ విద్యార్థులకు మందు మొక్కల పాఠం చెప్పడం నా పని. క్లాసులో వచ్చే ప్రశ్నల కంటే బయట బంధువులు, ఇరుగుపొరుగు వాళ్లు అడిగేవే ఎక్కువ. "షుగర్‌కి ఫలానా ఆకు నమలొచ్చా?", "ఈ గింజ అరగదీసి రాస్తే నొప్పులు పోతాయట, నిజమేనా?" అంటూ వాట్సాప్‌లో ఫొటోలు పంపుతుంటారు. వాటిలో ఆల్కలాయిడ్లకు సంబంధించినవి ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఆల్కలాయిడ్ అంటే ఏమిటి?

మొక్కలు తమ కోసం తయారుచేసుకునే ఒక రకం రసాయనాలు. వీటిలో నైట్రోజన్ ఉంటుంది, చాలావాటికి క్షార గుణం ఉంటుంది, నాలుక మీద పెడితే ఎక్కువ శాతం చేదు. కాఫీలో కెఫీన్, పొగాకులో నికోటిన్, మిరియాల్లో పైపరిన్, నల్లమందులో మార్ఫిన్, సింకోనా బెరడులో క్వినైన్, అన్నీ ఈ కోవలోవే. మొక్క పారిపోలేదు కాబట్టి పురుగులనూ పశువులనూ ఇలా దూరం పెడుతుంది. ఆకలితో ఉన్న మేక కూడా అడ్డసరం ఆకు ముట్టదని పల్లెల్లో అందరికీ తెలిసిందే.

నల్లమందు నుంచి మార్ఫిన్‌ను విడదీసింది జర్మనీకి చెందిన సెర్టూర్నర్, 1800ల మొదటి దశాబ్దంలో. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో పెల్టియే, కవెంటూ అనే ఇద్దరు 1818లో ముష్టి గింజ జాతి నుంచి స్ట్రిక్నిన్, 1820లో సింకోనా నుంచి క్వినైన్ తీశారు. ఒకే జంట రెండేళ్ల తేడాలో భయంకరమైన విషాన్నీ, మలేరియా మందునూ బయటికి తెచ్చారంటే ఈ పదార్థాల స్వభావం అర్థమవుతుంది.

ఒక మొక్కలో ఆల్కలాయిడ్ ఉందని తేలితే అది మందు మొక్క అయినట్టేనా?

కాదు. ల్యాబ్‌లో పరీక్ష చాలా సులువు. ఆకు కషాయంలో కాస్త పలచని ఆమ్లం కలిపి, వడగట్టి, డ్రాగెండార్ఫ్ ద్రావణం రెండు చుక్కలు వేస్తే అప్పటిదాకా తేటగా ఉన్న నీటిలో ఇటుక రంగు మడ్డి ఒక్కసారిగా కడుతుంది. పిల్లలు అది చూసి సంబరపడతారు. కానీ దగ్గు మందుకు వాడే అడ్డసరం ఆకుకూ ఆ మడ్డే కడుతుంది, ప్రాణం తీసే ముష్టి గింజకూ ఆ మడ్డే కడుతుంది. ఆల్కలాయిడ్ ఉందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. అది ఏది, ఎంత ఉంది అన్నది చెప్పదు. "మా ఉత్పత్తిలో ఆల్కలాయిడ్లు పుష్కలం" అని ప్రకటన కనబడితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆకుమందు కదా, సహజమైనదే కదా, హాని ఎలా చేస్తుంది?

నన్ను ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇదే, ఎందుకంటే దీని వెనక ఒక నమ్మకం ఉంది: ఫ్యాక్టరీలో తయారైంది కెమికల్, చెట్టున కాసింది అమృతం. శరీరానికి ఆ తేడా తెలియదు. ఉమ్మెత్త కాయలోని అట్రోపిన్, ఇంజెక్షన్ సీసాలోని అట్రోపిన్ ఒకటే అణువు. ఉన్న తేడా ఒక్కటే. సీసా మీద ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, కాయ మీద రాసి ఉండదు.

ఒకే ఊళ్లో పక్కపక్కన పెరిగిన రెండు ఉమ్మెత్త మొక్కల్లో కూడా ఆల్కలాయిడ్ ఒకే మోతాదులో ఉండదు. మొక్క వయసు, నేల, రుతువు, ఆకా గింజా వేరా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. పోయినసారి ఏమీ కాలేదు కాబట్టి ఈసారీ ఏమీ కాదనుకోవడం అందుకే పొరపాటు.

ఉమ్మెత్త తింటే ఏమవుతుంది?

అట్రోపిన్, హయోసయమిన్, స్కోపోలమిన్ అనే మూడు ఆల్కలాయిడ్లు ఇందులో ఉంటాయి. తిన్న అరగంట, గంటలో నోరు ఎండిపోతుంది, మింగుడు పడదు. చర్మం ఎర్రబడి వేడెక్కుతుంది, చెమట పట్టదు. గుండె దడదడలాడుతుంది. కంటిపాపలు విప్పారి వెలుతురు చూడలేరు. మూత్రం బిగుసుకుపోతుంది. తర్వాత మాట తడబడి, లేని మనుషులతో మాట్లాడటం, గాలిలో ఏదో ఏరుకోవడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి పరిగెత్తిన సందర్భాలున్నాయి. ఈ స్థితి ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. వెంటనే ఆస్పత్రికి చేరిస్తే చాలామంది కోలుకుంటారు. పిల్లలకు మాత్రం చాలా ప్రమాదం.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ కొత్తలో, చిత్తూరు జిల్లాలో డజను మంది దాకా ఉమ్మెత్త గింజల రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. కరోనా రాదని చెప్పిన ఒక టిక్‌టాక్ వీడియో చూసి తాగారు. ఉమ్మెత్త కాయ ముళ్లతో గుండ్రంగా ఉండటం, టీవీలో చూపించిన వైరస్ బొమ్మ కూడా అలాగే ఉండటం వల్ల నమ్మకం కుదిరింది. రూపం చూసి గుణం నిర్ణయించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఉంటుంది కదా, ముట్టుకోవచ్చా?

నిక్షేపంగా ముట్టుకోవచ్చు, పూజ చేసుకోవచ్చు. దత్తూర పత్రం, కరవీర పత్రం అంటే గన్నేరు, అర్క పత్రం అంటే జిల్లేడు, మూడూ ఇరవై ఒక్క పత్రాల్లో ఉన్నవే, మూడూ విషపూరితమైనవే. ఆకు తెంపిన చేతిని సబ్బుతో కడుక్కోండి, కడిగేదాకా కళ్లు నలుపుకోకండి. ఉమ్మెత్త రసం అంటిన వేలితో కన్ను నలిపితే ఆ ఒక్క కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. ఇది ఎందుకైందో తెలియక తలకు స్కానింగ్ దాకా వెళ్లినవాళ్లున్నారు. డాక్టరుకు "పొద్దున పత్రి కోశాను" అని ఒక్క మాట చెబితే టెన్షన్ తగ్గుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే మాత్రం నల్లగుడ్డు దెబ్బతింటుంది. ధారగా నీళ్లతో కడిగి అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. పూజ అయ్యాక పత్రిని పశువులకు వేయకండి.

పురుగుమందు మింగినవాళ్లకు ఉమ్మెత్తలోని మందే ఇస్తారట, నిజమా?

నిజం. మన రెండు రాష్ట్రాల్లో అట్రోపిన్ అనే ఈ ఒక్క ఆల్కలాయిడ్ కాపాడిన ప్రాణాలు ఎన్నో. పత్తికీ మిర్చికీ కొట్టే మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకం ఒంట్లోకి పోతే నరాల చివర ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం పేరుకుపోతుంది. నోట్లోంచి నురగ, కళ్లలో నీళ్లు, ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండి మనిషి లోలోపలే మునిగిపోయినట్టు అవుతాడు. అట్రోపిన్ ఆ స్రావాలను ఎండగడుతుంది. మన దగ్గర ఒక్కో సీసాలో సాధారణంగా 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. మామూలు అవసరానికి ఒకటి రెండు సీసాలు చాలు. పురుగుమందు కేసులో నర్సులు కొన్ని నిమిషాలకోసారి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి, లోపల గురగుర ఆగేదాకా మోతాదు పెంచుతూ పోతారు. పదుల సీసాలు పట్టడం అరుదేమీ కాదు.

ఆ దశలో రోగి దుప్పటి పీకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఉంటే చేతులు మంచానికి కడతారు. బయట కూర్చున్న కుటుంబం "మావాడికి పిచ్చెక్కింది, ఏదో తప్పు మందిచ్చారు" అని గొడవకు దిగుతుంది. అది ఎక్కువైన అట్రోపిన్ ప్రభావం. మోతాదు తగ్గించాక తేరుకుంటారు. సిబ్బంది ఈ సంగతి ముందే చెబితే సగం గొడవలు జరగవు.

ఇది చదివి పురుగుమందు తాగినవాళ్లకు ఇంట్లో ఉమ్మెత్త రసం పట్టొద్దు. విషం మీద విషం పోసినట్టే అవుతుంది. 108కి ఫోన్ చేయండి. మనసు బాగోలేక ఆ ఆలోచన వస్తున్నవాళ్లు ఇంట్లో ఉంటే 14416 టెలీ మానస్ నంబరులో మాట్లాడించండి, తెలుగులో మాట్లాడతారు.

ఉబ్బసానికి ఉమ్మెత్త ఆకు పొగ పీల్చొచ్చా?

పాతకాలపు వైద్యం అది, ఊపిరి గొట్టాలు విచ్చుకునేది కూడా నిజమే. అదే గుణాన్ని పట్టుకుని, అట్రోపిన్‌ను కొద్దిగా మార్చి ఇప్రాట్రోపియం అనే ఇన్‌హేలర్ మందు చేశారు. మార్చడం వల్ల అది మెదడులోకి దాదాపు పోదు, మతి భ్రమించదు. మంచి రూపం చేతికొచ్చాక పొగ పీల్చాల్సిన పనేముంది?

ముష్టి గింజలు కీళ్లనొప్పులకు మంచివంటారు. మరి విషం అంటారేమిటి?

తూర్పు కనుమల అడవుల్లో ముష్టి చెట్లు విరివిగా ఉంటాయి. నారింజలా పండే కాయలో, కోటు బొత్తాం ఆకారంలో, పట్టులాంటి బూడిదరంగు నూగుతో చదునైన గింజలుంటాయి. గిరిజనులు ఏరి తెస్తే గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఆ గింజల్లో స్ట్రిక్నిన్, బ్రూసిన్ ఉంటాయి. వెన్నుపాములో కండరాలను అదుపులో ఉంచే సంకేతాన్ని స్ట్రిక్నిన్ అడ్డుకుంటుంది. దాంతో చిన్న శబ్దానికి, ఎవరో తాకినందుకు ఒళ్లంతా విల్లులా వంగి కొయ్యబారిపోతుంది. అంత బాధలోనూ స్పృహ తప్పదు. అందుకే వైద్యులు ఇలాంటి రోగిని వెలుతురు తగ్గించి, చప్పుడు లేని గదిలో ఉంచుతారు.

ఆయుర్వేదంలో దీన్ని శుద్ధి చేయకుండా వాడరు. గోమూత్రంలో నానబెట్టడం, పాలలో ఉడికించడం, పై తోలు, లోపలి మొలక తీసేయడం, నేతిలో వేయించడం లాంటి పద్ధతులు గ్రంథాల్లో ఉన్నాయి. వీటివల్ల స్ట్రిక్నిన్ పరిమాణం తగ్గుతుందని ప్రయోగశాలల్లోనూ కనిపించింది. తగ్గుతుంది, పూర్తిగా పోదు. అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యులు, లైసెన్సున్న ఫార్మసీ మందు, రాసిన మోతాదు, ఈ మూడూ ఉంటే అది వేరు. సంతలో గింజలు కొనుక్కొచ్చి ఇంట్లో నూరుకుంటే అది వేరు.

దీని దగ్గరి బంధువు చిల్లగింజ. బురద నీటిని తేర్చడానికి కుండ లోపల అరగదీసే ఆ గింజలో స్ట్రిక్నిన్ లేదు. ఒకే జాతి చెట్లయినా ఒకటి మంచినీళ్లిస్తుంది, ఒకటి ప్రాణం తీస్తుంది.

షుగర్ తగ్గుతుందని బిళ్ల గన్నేరు పూలు నములుతున్నాను. కొనసాగించొచ్చా?

దయచేసి ఆపండి. ఈ మొక్క కథ షుగర్‌తోనే మొదలైంది. జమైకాలో షుగర్‌కి ఈ ఆకు కషాయం తాగుతారని విని 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షించారు. ఎలుకలకు చక్కెర పెద్దగా తగ్గలేదు, తెల్ల రక్తకణాలు మాత్రం పడిపోయాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయే లుకేమియాకు ఇది పనికొస్తుందేమో అన్న ఆలోచన అక్కడే పుట్టింది. అలా విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో అనుమతి పొందింది. ఇవాళ్టికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో అది లేకుండా గడవదు. పెరట్లో ఎవరూ పట్టించుకోని ఈ మొక్కకు ఎందరో తల్లులు రుణపడి ఉన్నారు.

కానీ ఆకులో ఈ రెండు మందుల శాతం అతి స్వల్పం. ఒక్క గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి. దానితోపాటు ఇంకా డెబ్బైకి పైగా వేరే ఆల్కలాయిడ్లు ఉంటాయి. కాబట్టి ఆకు నమిలితే క్యాన్సర్ తగ్గదు. షుగర్ మాత్రలు మానేసి దీని మీద ఆధారపడితే షుగరూ అదుపులో ఉండదు. గర్భిణులు అసలే తీసుకోకూడదు.

బీపీకి సర్పగంధి చూర్ణం?

ముంబైకి చెందిన డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బీపీ మీద సర్పగంధి ప్రభావం గురించి బ్రిటిష్ పత్రికలో రాశాక ప్రపంచం దీనివైపు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్‌లో దీని వేరు నుంచి రిసర్పిన్ విడదీశారు. బీపీ తగ్గుతుంది, సందేహం లేదు. కానీ ముక్కు దిబ్బడ, మత్తు, కొందరిలో తీవ్రమైన దిగులు వస్తాయి. ఇప్పటికే బీపీ మాత్ర వేసుకుంటూ దీన్నీ కలిపితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఇంతకంటే మెరుగైన మందులొచ్చాక వైద్యులు రిసర్పిన్ వాడకం బాగా తగ్గించారు. పాముకాటుకు ఈ వేరు పనిచేయదు, యాంటీ వీనమ్ ఒక్కటే దారి.

గసగసాలు గల్ఫ్‌కి తీసుకెళ్లొచ్చా?

వద్దు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్లేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. గింజలో మార్ఫిన్ దాదాపు ఉండదు, కాయ నుంచి కారే పాలు అంటుకున్నంత మేరకే ఉంటుంది. కోడికూరలో వేసుకుంటే మత్తు రాదు. అయినా యూఏఈలో, సింగపూర్‌లో ఇవి నిషిద్ధం. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొట్లం, గసగసాలు కలిపిన పొడి, ఏదైనా సరే పెట్టెలోంచి తీసేయండి. అక్కడి పోలీసుకు మన కూర రుచి గురించి వివరించే అవకాశం రాదు.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ రాశారు. అలవాటు పడిపోతారా?

డాక్టరు పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదు తీసుకునేవాళ్లలో ఆ భయం చాలా తక్కువ. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, దానికి మందు కలిపే ఇస్తారు. "మార్ఫిన్ మొదలెట్టారంటే ఇక అయిపోయినట్టే" అన్న మాట వల్ల ఎంతోమంది అనవసరంగా నరకం అనుభవిస్తున్నారు. 2014లో చట్టం సవరించి గుర్తింపు పొందిన ఆస్పత్రులకు ఇది దొరకడం సులువు చేశారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్య విభాగం ఉంది. మీ దగ్గరి ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

పొగాకు తోటలో పనిచేశాక వాంతులు, తలతిప్పు ఎందుకు?

ఆకు రెలుపు, అంటే ఆకు కోత సమయంలో మంచుకు తడిసిన ఆకు చేతులకు, ఒంటికి రాసుకుంటే నికోటిన్ చర్మం గుండా లోపలికి పోతుంది. చుట్ట తాగని ఆడవాళ్లకు, కుర్రవాళ్లకు ఇది ఎక్కువ. వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. మంచు ఆరాక పనిలోకి దిగడం, నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, తడిసిన బట్టలు వెంటనే మార్చడం, ఇవే నివారణ. గర్భిణులను ఈ పనికి పెట్టకండి.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఇప్పటికీ కనిపించే అడ్డపొగ, అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టి పీల్చడం, అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది. అలవాటు చేసేది నికోటిన్. క్యాన్సర్ తెచ్చేవి వేడి, పొగ, పొగాకు ఆల్కలాయిడ్ల నుంచే పుట్టే నైట్రోసమైన్లు.

ఉత్త వక్కపలుకులు వేసుకుంటే ఫర్వాలేదా, పొగాకు లేదు కదా?

ఫర్వా ఉంది. వక్కలో అరెకోలిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. బుగ్గల లోపల చర్మం తెల్లబారి బిగుసుకుపోయి, మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోకపోతే ఆలస్యం చేయకుండా దంతవైద్యుడికి చూపించండి. పెళ్లిలో ఒక తాంబూలానికి ఇంత భయం అక్కర్లేదు. నేను చెబుతున్నది రోజూ బుగ్గన పెట్టుకునే అలవాటు గురించి.

మన వంటింట్లో జాగ్రత్తపడాల్సినవి?

పచ్చబడిన, మొలకెత్తిన బంగాళాదుంపలో సొలనిన్ పెరుగుతుంది. ఉడికించినా వేయించినా అది పోదు. కొద్దిగా పచ్చగా ఉంటే ఆ భాగం లోతుగా కోసేయండి, దుంపంతా చేదుగా ఉంటే పారేయండి. ఆవనూనె వాడే ఇళ్లలో బలురక్కసి గింజ కల్తీ గురించి తెలియాలి. చూడటానికి ఆవాల్లాగే ఉంటుంది, అందులోని సాంగ్వినరిన్ వల్ల కాళ్లు వాచి గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో ఈ కల్తీ వల్ల అరవై మందికి పైగా చనిపోయారు. మిరియాల రసానికి భయపడక్కర్లేదు. పైపరిన్ మాత్రలుగా అమ్మేవి వేరు, అవి ఫిట్స్ మందు ఫెనిటోయిన్ లాంటివాటిని ఒంట్లో ఎక్కువగా నిలుపుతాయి.

కాఫీ, టీ ఎంతవరకు?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, టీలో 30 నుంచి 65 ఉంటుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత తాగొద్దని కూడా చెప్పారు. దానికి కారణం కెఫీన్ కాదు, ఇనుము ఒంటబట్టకుండా చేసే టానిన్లు.

గన్నేరు, గురివింద, ఆముదం గింజ కూడా ఆల్కలాయిడ్లేనా?

కావు. గన్నేరు, పచ్చగన్నేరులో గుండెను ఆపే గ్లైకోసైడ్లు ఉంటాయి. గురివింద, ఆముదం గింజల్లో ఉన్నవి విష ప్రోటీన్లు. ప్రమాదంలో ఏవీ తక్కువ కాదు.

ఎవరైనా విషపు మొక్క తిన్నారని అనుమానం వస్తే ఏం చేయాలి?

ఉప్పునీళ్లు, చింతపండు పులుసు పట్టి వాంతి చేయించకండి. మత్తులో ఉన్నవాళ్లకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. తిన్న మొక్క కొమ్మ, మిగిలిన గింజలు, పొట్లం, ఏది దొరికితే అది కవరులో వేసి వెంట తీసుకెళ్లండి. ఎప్పుడు తిన్నారో సమయం గుర్తుపెట్టుకోండి.

"ఇప్పుడు బాగానే ఉన్నాడు" అని ఇంటికి తెచ్చేయకండి. ముఖ్యంగా అగ్నిశిఖ విషయంలో. కొందరు అడవినాభి అంటారు, నిప్పు నాలుకల్లాంటి పూలు పూసే తీగ. దాని దుంపను తినే దుంపలనుకుని ఉడికించుకున్నవాళ్లున్నారు. అందులోని కాల్చిసిన్ గౌట్ అనే రకం కీళ్లవాతానికి మందే. ఎక్కువైతే మొదట వాంతులు, విరేచనాలై, కాస్త తగ్గినట్టనిపించి, తర్వాతి రోజుల్లో రక్తకణాలు పడిపోతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బతికినవాళ్లకు రెండో వారంలో జుట్టు ఊడుతుంది.

మొక్క ఏదో కచ్చితంగా తెలుసుకోవాలంటే?

ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌లను నమ్మి తినకండి. పువ్వో కాయో ఉన్న కొమ్మను పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, దగ్గరి యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగానికి గానీ, హైదరాబాద్‌లో ఉన్న బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రానికి గానీ తీసుకెళ్లండి. ఎక్కడ కోశారో, మీ ఊళ్లో దాన్ని ఏమంటారో ఒక చీటీ మీద రాసి జతచేయండి. ఒక్కో జిల్లాలో ఒకే పేరుతో రెండు మూడు వేర్వేరు మొక్కలను పిలుస్తారు కాబట్టి ఆ చీటీ గుర్తింపునకు బాగా పనికొస్తుంది.